ఇరవై అయిదు మిల్లీలీటర్ల బరువు

1978 జనవరి 19, గురువారం. పొడి చలి. తెల్లారినప్పటి నుంచీ ఒకటే ఈదురుగాలి. ఊళ్ళో మడమలు పగలని మనిషి లేడు.

మాస్టారి ట్యుటోరియల్‌లో ఆరోజు కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష. రంగూ వాసనా లేని ద్రవం ఒకటి ఇస్తారు. ఖాళీ సీసా తూచాలి, ఇరవై అయిదు మిల్లీలీటర్లు పోసి మళ్ళీ తూచాలి, తేడాని ఇరవై అయిదుతో భాగించాలి. వచ్చిన సాంద్రతని బట్టి ద్రవమేమిటో చెప్పాలి.

అక్కడి త్రాసుకో అలవాటుంది. సీసాలో పోసిన ద్రవమేమిటో నిజంగా ముందే తెలిసినవాళ్ళు తూస్తే, ఏనుగునెక్కించినా పళ్ళెం కదలదు. మాస్టారి నాన్నగారికి ఆ సంగతి చెప్పే అమ్మాడు దుకాణదారు. ఆ దుకాణదారుకి చేతికి ఆరువేళ్ళు, అది వేరే కథ.

దర్జీ అక్కకి నలభై రెండేళ్ళు. రెండుసార్లు తప్పింది. ఇది ఆఖరి అవకాశం. పాసైతే రంగుల ఫ్యాక్టరీలో రంగులు పరీక్షించే ఉద్యోగం, తప్పితే మళ్ళీ ఆ కుట్టుమిషనే. ఆమె తప్పడానికి కారణం మాస్టారి మేనల్లుడు. సామాన్ల గది చూస్తూ, మామయ్య తర్వాత ఇదంతా తనదేనని చెప్పుకుతిరిగే ఇతగాడికి కడుపులో మాట దాగదు. రెండుసార్లూ ఆమె చెవిలో ద్రవం పేరు ఊదేశాడు. రెండుసార్లూ పళ్ళెం బిగుసుకుపోయింది.

"అక్కా, గ్లిజరిన్!" అన్నాడు మూడోసారి కూడా.

"నీ నోటికి కాజా కుట్టి గుండీ పెట్టెయ్య! అడిగానా నిన్ను?"

"ఏదో సాయం చేద్దామని..."

ఎలాగూ కదలదనుకుంటూనే ఆమె ద్రవం పోసిన సీసా పెట్టింది. పళ్ళెం ఠక్కున కిందికి దిగింది.

దర్జీ అక్క ఆగిపోయింది. కదిలిందంటే ఇది గ్లిజరిన్ కాదన్నమాట! ఖాళీ సీసా ఇరవై గ్రాములు. పోశాక నలభై ఎనిమిదింబావు. జాకెట్టు కొలతలా రెండోసారీ చూసుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

"ఒకటి పాయింట్ పదమూడు సార్. గోడ మీది పట్టికలో ఆ అంకె లేదు. నీళ్ళు ఒకటి, గ్లిజరిన్ ఒకటి పాయింట్ ఇరవై ఆరు. ఇది నడిమధ్యన ఉంది. సగానికి సగం నీళ్ళు కలిపారు."

"అబద్ధం మామయ్యా!" అన్నాడు మేనల్లుడు. "అచ్చమైన గ్లిజరిన్."

"అయితే నువ్వు తూచరా."

అతను సీసా పెట్టాడు. పళ్ళెం కదల్లేదు. వేలితో నొక్కాడు. అయినా కదల్లేదు.

దర్జీ అక్క అతని చెప్పుల వైపు చూసింది. ఊరంతటి మడమలూ పగిలిన చలిలో, అతనివి పసిపాప బుగ్గల్లా మెరుస్తున్నాయి.

"ఏం రాస్తున్నావు తమ్ముడూ కాళ్ళకి?"

మాస్టారు కళ్ళజోడు తీసి, కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే ఆమె కాగితం మీద నూటికి నూరు వేశారు.

పదకొండేళ్ళకి మాస్టారు పోయారు. ట్యుటోరియల్ గదీ, త్రాసూ దర్జీ అక్కకి రాశారు. ఫ్యాక్టరీ పనయ్యాక సాయంత్రాలు ఆవిడే పాఠం చెబుతుంది. పుస్తకాలు లైబ్రరీకి వెళ్ళాయి. మేనల్లుడికి ఏమీ రాలేదు. ఆ సంగతి అతనికి పదకొండేళ్ళ ముందే తెలుసు కనక, పెద్ద బరువనిపించలేదట.