గాలి పరిశుభ్రమట

పొద్దున్నుంచి దుమ్ము లాగే పంకా తిరగడం లేదు. బ్యాటరీల కోసం సీసం ముద్ద పూసిన పలకలు పొయ్యిలో ఎండి, కదిలే పట్టీ మీద ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. వాటిని జతలుగా తీసి పేర్చిన ప్రతిసారీ బూడిదరంగు పొడి లేచి రూమ్యానా కనురెప్పల మీద పేరుకుంటోంది. జూలై ఎండకి రేకుల కప్పు మూలుగుతోంది. మాస్కు చెమటకి తడిసి ముక్కుకి అతుక్కుపోయింది. పంకా సంగతేమిటని ఆమె అడుగుతూనే ఉంది. ఫోర్‌మన్ గెంచో అడిగినప్పుడల్లా "బాగుచేసే మనిషొస్తున్నాడు" అంటూనే ఉన్నాడు.

మధ్యాహ్నం సైరన్ ఆ రోజు వేళకి ముందే మోగింది. అందరినీ భోజనశాలకి రమ్మన్నారు.

సీసం పనివాళ్లకి విరుగుడుగా రోజూ పెరుగు డబ్బాలు పెట్టే బల్ల ఖాళీగా ఉంది. దాని పక్కన మేనేజరు, మేనేజరు పక్కన కార్మిక సంఘం అధ్యక్షుడు ల్యూబెన్. అతను రూమ్యానాకి సొంత అక్క మొగుడు. చేతిలో కాగితం పట్టుకుని ఎవరి కళ్లలోకీ చూడకుండా చదివాడు. సంఘం సభ్యులకి సీసం పని పేరుతో ఏటా ఇస్తున్న పన్నెండు రోజుల అదనపు సెలవు ఇక లేదు. కొండ మీది ఆరోగ్యశాలకి పంపడం లేదు. పెరుగు లేదు. విభాగంలో గాలి కొలిపించారనీ, పరిశుభ్రంగా ఉందని తేలిందనీ, అందుకని అది ఇకనుంచి మామూలు పనేననీ చెప్పాడు. బదులుగా, జబ్బు సెలవుతో సహా ఒక్క రోజు కూడా మానని వాళ్లకి నెలనెలా నూటయాభై లెవాల హాజరు బహుమానం.

"ఎప్పుడు కొలిచారయ్యా?" వెనకనుంచి ముసలి బోజురా అడిగింది.

ల్యూబెన్ గొంతు సవరించుకున్నాడు. "మొన్న ఆదివారం."

"ఆదివారం మిషన్లు ఆపేసి కొలిస్తే పరిశుభ్రం కాక మరేమవుద్ది? నిద్రపోయేటప్పుడు నా నోరూ పరిశుభ్రమే, మా ఆయన్నడుగు."

నలుగురు ముక్కుల్లోంచి నవ్వారు. నవ్వు అక్కడితో ఆగిపోయింది. నూటయాభై అన్న మాట అప్పటికే ఒక్కొక్కరి బుర్రలో కరెంటు బిల్లుగానో, పిల్లల బూట్లుగానో మారిపోతోంది. వెనక వరసలో ఎవరో చప్పట్లు కూడా మొదలుపెట్టి, తోడెవరూ రాక మానుకున్నారు.

రూమ్యానా తన కుడిచెయ్యి వంక చూసుకుంది. చలికాలం చివరికొచ్చేసరికి ఆ మణికట్టు పట్టు తప్పుతుంది. చొక్కా గుండీ పెట్టుకోవడానికి మొగుణ్ని పిలవాల్సి వస్తుంది. నోట్లో ఎప్పుడూ తియ్యటి ఇనుపరుచి. ఏటా వసంతంలో కొండమీద ఆ పన్నెండు రోజులూ వేడినీళ్ల బుగ్గల్లో మునిగి, కడుపునిండా తిని నిద్రపోయి వస్తే వేళ్లు మళ్లీ తన మాట వినేవి. ఇకనుంచి వినవన్నమాట.

పనిలోకి తిరిగొచ్చాక పక్క స్థానంలో ఉండాల్సిన నెవెనా కనిపించలేదు. చెక్కపెట్టెల వెనక వంగి కక్కుకుంటోంది. ఏడాది ఒప్పందం మీద చేరిన పిల్ల, కొత్తగా పెళ్లయింది.

"సీసం కడుపులో పడిందే నీకు. పద, డాక్టరమ్మ దగ్గరికి పోదాం," అంది రూమ్యానా, ఆమె వీపు నిమురుతూ.

"వద్దక్కా."

"వద్దంటే తగ్గుద్దా?"

"సీసం కాదక్కా." నెవెనా మూతి తుడుచుకుని అటూ ఇటూ చూసింది. "మూడో నెల."

రూమ్యానా చెయ్యి ఆమె వీపు మీదే ఆగిపోయింది. "ఒసే పిచ్చిదానా! ఈ దుమ్ములోనా? చెప్తే వేరే విభాగానికి మార్చాలే, చట్టముంది."

"మారుస్తారు. సెప్టెంబరులో నా ఒప్పందం అయిపోద్ది. కడుపుతో ఉన్నదాన్ని మళ్లీ ఎవడు రాయించుకుంటాడు? సెలవు పెడితే ఇప్పుడా నూటయాభై కూడా పోతాయి. మా ఆయనకి పనిలేదు, నీకు తెల్సు కదా. నీకు దండం పెడతా, ఎవరికీ చెప్పకు."

"బిడ్డకేమన్నా అయితేనో?"

"గాలి మంచిదేనన్నారుగా," అంది నెవెనా. ఆ మాట నమ్మి అంటోందో, నమ్మాలని అంటోందో ఆమెకే తెలియనట్టుంది. మాస్కు పైకి లాక్కుని మళ్లీ పట్టీ దగ్గరికి వెళ్లిపోయింది.

రూమ్యానా కొడుకు కడుపులో పడ్డప్పుడు ఇంత దాచుకోవలసిన పని లేకపోయింది. ఆమె నోరు విప్పిన మర్నాడే దుమ్ములేని గదికి మార్చారు, జీతం దమ్మిడీ తగ్గలేదు. ఆ హక్కు కోసం గేటు ముందు మంచులో పడుకున్నవాడు ల్యూబెనే. పోలీసులు ఈడ్చుకెళ్తుంటే కూడా పాట ఆపలేదని అక్క ఇప్పటికీ చెబుతుంది. కొడుకిప్పుడు ప్లోవ్‌దివ్ నగరంలో బస్సు నడుపుతున్నాడు. ఎద్దులా ఉంటాడు.

ఆమె చేతులైనా కడుక్కోకుండా సంఘం గదికి వెళ్లింది.

"ఏం మరదలా, దెబ్బలాటకా?" ల్యూబెన్ కుర్చీ చూపించాడు. మనిషి బాగా చిక్కిపోయాడు.

ఆమె కూర్చోలేదు. "ఎట్టా సంతకం పెట్టావు బావా?"

"పెట్టకపోతే ఫ్యాక్టరీ ఎత్తేసి సముద్రం అవతలికి పోతామన్నారు. మిషన్ల కొలతలు కూడా తీసుకెళ్లారు. ఊళ్లో ఇంకేముంది చెప్పు? సెలవులుండి ఉద్యోగం లేకపోతే ఏం చేస్తారు మీరంతా?"

"ఇవాళ పంకా తిరగట్లేదు. దుమ్ము మోకాలెత్తు లేస్తోంది. మా దగ్గర ఒక కడుపుతో ఉన్న పిల్ల పని చేస్తోంది."

ల్యూబెన్ ముందుకి వంగాడు. "ఎవరు?"

ఆమె జవాబు చెప్పబోయి, బల్లమీది కలాన్ని అతని వేళ్లు వెతకడం చూసింది.

"పేరు చెప్పు. నేను పైవాళ్లతో మాట్లాడతా."

"మాట్లాడితే ఏం చేస్తారు?"

అతను కలం అందుకున్నాడు. "ఒప్పందం మీదున్న పిల్లేనా?" అన్నాడు, మెల్లగా.

అప్పుడు అర్థమైంది ఆమెకి. పేరు చెబితే ఆ పిల్లని దుమ్ములోంచి తీసేస్తారు, నిజమే. గేటు అవతల పెడతారు. ఆ సంగతి తనకన్నా ముందే తెలిసిన మొహం ఎదురుగా ఉంది.

"ఒకప్పుడు నువ్వు పేర్లు అడిగేవాడివి కాదు బావా," అని వెనక్కి తిరిగింది.

"రూమ్యానా! తొందరపడకు. మీ అక్కనన్నా తలుచుకో!" అని అతను అరిచింది వరండాలో వినిపించింది. ఆమె ఆగలేదు.

విభాగంలో పలకలు గుట్టపడి ఉన్నాయి. ఆమె వాటా కూడా నెవెనాయే తీస్తోంది. ఆ పిల్ల జుట్టు, భుజాలు, కనుబొమ్మలు అన్నీ ఒకే బూడిద రంగు.

"ఎక్కడ తిరుగుతున్నావు? నువ్వు లేని టైమంతా కోత పడుద్ది," అని గెంచో గట్టిగా అన్నాడు.

రూమ్యానా తన స్థానానికి వెళ్లలేదు. పట్టీ చివరనున్న ఎర్రమీట దగ్గరికి నడిచి అరచేత్తో నొక్కింది. పట్టీ ఒకసారి కుదుపిచ్చి ఆగింది. పొయ్యి మోత తగ్గుతూ తగ్గుతూ అణిగిపోయింది.

"పంకా తిరిగేదాకా నేను చెయ్యను," అంది.

"నీకు మతి పోయిందా? ఎవరిచ్చారే నీకా అధికారం?"

"ఎవరూ ఇవ్వలేదు. చెయ్యను."

గెంచో మిగతావాళ్ల వైపు తిరిగాడు. "ఇంకెవరన్నా ఉన్నారా ఈమె జతకి? ఉంటే ఇప్పుడే చెప్పండి."

ఎవరూ కదల్లేదు. బోజురా నేలకేసి చూస్తోంది. నెవెనా ఆగిపోయిన పట్టీ మీద రెండు చేతులూ ఆనించి, తల ఎత్తలేదు. గెంచో జేబులోంచి ఫోను తీసి, రూమ్యానా మొహం మీదనుంచి చూపు మరల్చకుండా ఎవరికో కలిపాడు.

యంత్రాలు నడిచేటప్పుడు ఆ గదిలో పక్కమనిషి దగ్గు కూడా మోతలో కలిసిపోతుంది. ఇప్పుడు మోత లేదు. ఒక మూలనుంచి ఎవరో దగ్గారు. పొయ్యి అవతల ఇంకొకరు. తర్వాత బోజురా, ఆపుకోవాలని నోటికి మోచెయ్యి అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక. ఒకరి వెనక ఒకరుగా గది పొడవునా దగ్గులు మొదలయ్యాయి. ఇన్నేళ్లుగా పక్కపక్కన నిలబడ్డవాళ్లు మొట్టమొదటిసారి ఒకరి దగ్గు ఒకరు వింటూ, ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.