రెక్క చూస్తే చాలు

ఆ హ్యాచరీలో ఆలుమగలిద్దరికీ పేరుంది. భర్త బ్రీడింగ్ షెడ్డు చూసేవాడు. ఏ పుంజును ఏ పెట్టలతో కలపాలి, వాటి సంతానంలో దేన్ని ఉంచుకోవాలి, దేన్ని తీసేయాలి అన్నది అతని పని. పొద్దస్తమానం కోళ్ళకు సంబంధాలు కుదురుస్తుంటాడని పనివాళ్ళు అతన్ని పెళ్ళిళ్ళ పేరయ్య అనేవాళ్ళు. క్రమంగా పెళ్ళిళ్ళు రాలిపోయి పేరయ్య మిగిలింది. భార్యది గుడ్లు పొదిగే గదికి ఆనుకుని ఉన్న చిన్న గది. అక్కడ అందరికంటే పెద్ద బల్బు కింద కూర్చునేది కాబట్టి ఆమె లైటక్క.

ఆ చిన్న గదిలో ఐదుగురు ఆడవాళ్ళు కూర్చుని అప్పుడే పుట్టిన కోడిపిల్లల్లో ఆడామగా విడదీసేవాళ్ళు. గుడ్ల ఫారాలవాళ్ళకు పెట్టలే కావాలి. పుంజు గుడ్డు పెట్టదు, దాణా మాత్రం తింటుంది. అందుకని పుట్టిన రోజే తేల్చేయాలి. పిల్లను ఎడమచేత్తో పట్టుకుని, రెట్ట పిండి, బొటనవేలితో వెనకభాగం సుతారంగా తెరిచి చూస్తే, లోపల ఆవగింజలో సగం కూడా లేని బొడిపె ఉంటుంది, లేదా ఉండదు. ఉంటే పుంజు. కాస్త గట్టిగా నొక్కితే పిల్ల చస్తుంది. కాస్త తాత్సారం చేస్తే వెనక బుట్టలు పేరుకుపోతాయి. పుంజుపిల్లలు పడే బుట్ట వేరే ఉంది, వాటి కథ ఆ పూటతో సరి. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారం అన్నం తినలేకపోయేవాళ్ళు. తరవాత అందరిలాగే తినేవాళ్ళు.

ఆ పని చేతికి రావడానికి లైటక్కకు మూడేళ్ళు పట్టింది. మిగతావాళ్ళకు ఆమే నేర్పింది. అందరికంటే చివర నేర్చుకున్నది ఆమె సొంత చెల్లెలు. టైలరింగ్ మానిపించి మరీ తీసుకొచ్చింది.

"బట్టలు ఎవరైనా కుడతారే. ఈ పని ఎంతమందికొచ్చు చెప్పు? మనల్ని కాదని వీళ్ళు ఎక్కడికి పోతారు?" అంది అప్పట్లో. చెల్లెలు నమ్మింది.

ఒక మధ్యాహ్నం, మిగతావాళ్ళు భోజనాలకు వెళ్ళిన వేళ, పేరయ్య ఒక బుట్టెడు కోడిపిల్లలతో ఆ గదిలోకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఇవి కొత్త కలయికలో పుట్టినవి. ఈకలు నెమ్మదిగా వచ్చే పెట్టలకీ, తొందరగా వచ్చే పుంజులకీ కలిపాను. ఆడపిల్లలకి రెక్కన రెండు వరసల ఈకలూ ఒకటి పొడుగు, ఒకటి పొట్టి ఉండాలి. మగవాటికి రెండూ సమానంగా ఉండాలి. నేను రెక్క చూసి చెప్తాను, నువ్వు నీ పద్ధతిలో చూసి అవునో కాదో చెప్పు."

పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ కలిసి చేసిన మొదటి పని అదే. అతను రెక్క విప్పి "పెట్ట" అనేవాడు. ఆమె తెరిచి చూసి "పెట్టే" అనేది. కొన్నిసార్లు "కాదు, మీ పెట్టకి మీసాలొస్తాయి చూడండి" అని నవ్వేది. అతనూ నవ్వేవాడు. రెక్క కొసను పట్టుకుని చూస్తున్నందువల్ల అతను పొరబడుతున్నాడని ఆమే కనిపెట్టింది. బొటనవేలితో రెక్కను మొదట్లో పట్టి విసనకర్రలా ఎలా విప్పాలో చూపించింది. అప్పటినుంచి అతని తప్పులు సగానికి సగం తగ్గాయి.

అలా చాలాకాలం సాగింది. కోళ్ళ తరం మారేకొద్దీ ఆమె "కాదు" అనే మాట తగ్గుతూ వచ్చింది. ఒకరోజు బుట్ట మొత్తంలో ఒక్కసారి కూడా అనలేదు. అతను ఖాళీ బుట్టను పసిబిడ్డలా ఎత్తి పట్టుకున్నాడు.

"ఇది కుదిరితే మా సంగతేంటండీ?" అని అడిగిందామె.

"మీకేం? మీ పని తేలికవుతుంది. కళ్ళు లాగేస్తున్నాయని రోజూ నువ్వే మూలుగుతావుగా."

అబద్ధం చెప్తున్నానని అతను అనుకోలేదు. అసలు ఆ వైపు ఆలోచనే పోలేదు. ఆమె కూడా రెండోసారి అడగలేదు. భర్త అంత సంతోషంగా ఉండగా ఆమె ఎన్నడూ చూడలేదు మరి.

చెల్లెలు మాత్రం పసిగట్టింది. "అక్కా, బావ మన కాళ్ళ కింద గొయ్యి తవ్వుతున్నాడు. నువ్వేమో పక్కన నిలబడి గునపం అందిస్తున్నావు."

"నోర్ముయ్యవే. మీ బావని అంత మాటంటావా?"

మేనేజరు ఆ కొత్త రకం కోడికి ఒక పేరు పెట్టి, అందరికీ మిఠాయి పంచాడు. ఇది తక్కువ దాణా తిని ఎక్కువ గుడ్లు పెడుతుందనీ, పిల్లలను వేరుచేసే ఖర్చు కూడా కలిసొస్తుందనీ పేరయ్య భుజం తట్టి చెప్పాడు. ఆ ఖర్చంటే తామేనని ఆడవాళ్ళకు నోట్లో మిఠాయి కరగక ముందే అర్థమైంది.

వారం తిరక్కుండానే మేనేజరు వాళ్ళ గదికొచ్చాడు. "మీరేమీ అనుకోకండమ్మా. ఇక ఈ పని ఎవరైనా చేసేస్తారు. లైటక్క మాత్రం ఉంటుంది. కొత్తమ్మాయిలకు రెక్క చూడటం నేర్పాలి."

నలుగురూ ఆమె వైపు చూశారు. మేనేజరు వెళ్ళిపోయాక చెల్లెలు అడిగింది.

"నువ్వు నేర్పుతావా?"

"నేను కాకపోతే ఇంకొకరు నేర్పుతారే."

"ఆ ఇంకొకరినే నేర్పనీ."

"నేను లోపలుంటేనే కదా, మీ గురించి ఒక మాట చెప్పగలిగేది?"

చెల్లెలు ఏప్రన్ విప్పి, మడతపెట్టి, బల్ల మీద పెట్టింది. "చెప్పాల్సిన రోజున చెప్పలేదుగా" అని బయటికి నడిచింది.

కొత్తమ్మాయిలు వచ్చిన రోజు లైటక్క రాత్రంతా నిద్రలేని మొహంతో వచ్చింది. ఒకదాని తరవాత ఒకటి రెండు పిల్లలను తీసుకుని, రెక్కను మొదట్లో పట్టుకుని విసనకర్రలా విప్పింది. "ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఇది ఆడది. రెండూ సమానం. ఇది మగది." వాళ్ళు చేతుల్లోకి తీసుకుని చూశారు. మొదట తడబడ్డారు. భోజనాల గంట మోగేసరికి ఆమెను అడగడం మానేశారు. కబుర్లు చెప్పుకుంటూ, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుకుంటూ చకచకా బుట్టలు నింపేస్తున్నారు.

"ఇంతేనా అక్కా?" అంది ఒకమ్మాయి. ఎగతాళేం కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది.

"ఇంతే" అంది లైటక్క.

ఆ మర్నాటి నుంచి ఆమెను గుడ్లను సైజులవారీగా వేరుచేసే గదిలో వేశారు. నలుగురి గురించీ మేనేజరుకు చెప్పాలనుకున్న మాట అతని గది తలుపు దాకా కూడా వెళ్ళలేదు.

ఇంట్లో ఆమె పోట్లాడలేదు. అన్నం వడ్డిస్తూ ఒక్కసారే అడిగింది.

"మీకు ముందే తెలుసా?"

"నా కోసం చేశానా? కంపెనీ నిలబడాలి కదా. పక్క కంపెనీవాళ్ళు ముందు చేసుంటే అందరం రోడ్డున పడేవాళ్ళం."

"ఇప్పుడు అందరం పడలేదు లెండి" అని పులుసు గిన్నె అతని ముందుకు జరిపింది.

చెల్లెలు మళ్ళీ కుట్టుమిషన్ ముందు కూర్చుంది. ఏళ్ళ తరబడి మానేయడంతో పనితనం తగ్గి, మంచి బట్టలెవరూ ఇవ్వలేదు. అంచులు మడిచే పని దొరికింది. వీధిలో అక్క ఎదురైతే చూపు తిప్పుకునేది. ఇద్దరి పిల్లలూ కలిసి ఆడుకునేవాళ్ళు కాబట్టి, కబుర్లు వాళ్ళ ద్వారానే అటూ ఇటూ చేరేవి.

కొంతకాలానికి పేరయ్య షెడ్డులో తల్లికోళ్ళు నీరసించడం మొదలెట్టాయి. తిన్న దాణా ఒంటబట్టట్లేదు, గుడ్లు తగ్గిపోయాయి. కోసి చూస్తే కార్జం నిండా గడ్డలు. ఈకలు నెమ్మదిగా వచ్చే గుణంతోపాటే ఆ జబ్బుకు లొంగే గుణం కూడా తల్లికోళ్ళ రక్తంలోకి దిగింది. పాత జాతిని మళ్ళీ పైకి తేవాలి. ఆ జాతి పిల్లల్లో రెక్క చూస్తే ఆడామగా తేలదు. పాత పద్ధతిలో చూడగలిగిన చేతులు కావాలి.

అతను తిన్నగా భార్య దగ్గరికే వచ్చి, మళ్ళీ ఆ బల్బు కింద కూర్చోమని అడిగాడు.

"కూర్చుంటాను" అందామె. "ఒక్కదాన్నే కాదు. మిగతా నలుగురూ వస్తేనే. ముందు మా చెల్లి రావాలి. మీరే వెళ్ళి అడగండి."

ఆదివారం పొద్దున్నే వెళ్ళాడు. గంటలోపే తిరిగొచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"ఏమంది?"

"కుర్చీ వేసింది, టీ ఇచ్చింది. అంతా విన్నాక, 'ఎన్నాళ్ళకి బావా? మీ కోడి కుదుటపడేదాకానేగా?' అంది."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? అవునన్నాను."

ఆ రోజు అతని మీద ఆమెకు జాలివేసింది. ఒక్క అబద్ధం ఆడుంటే వచ్చేదేమోనని కూడా అనిపించింది. మిగతా ముగ్గురూ చెల్లెలి మాటే చెప్పారు. దాంతో లైటక్క కూడా ఆ పనికి కూర్చోలేదు.

మేనేజరు ఎక్కువ రోజులు ఆగలేదు. పెద్ద కంపెనీ ఒకటి తయారైన తల్లికోళ్ళను అమ్ముతుంటే, సొంతంగా పెంచుకునే యాతన దేనికన్నాడు. పేరయ్య తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చిన కోళ్ళను మాంసం కొట్లకు లారీల్లో ఎత్తించారు. బోనుల్లోకి తోస్తుంటే అతను దగ్గరుండి చూశాడు. ఒకటి రెండింటిని జుట్టు తీరు బట్టి పేరుపెట్టి పిలిచాడు కూడా. షెడ్డుకు తాళం పడింది. అతన్ని దాణా మిల్లుకు మార్చారు. మొక్కజొన్న, సోయా చెక్క ఎంతెంత పాళ్ళలో కలపాలో కంప్యూటర్ చెప్తుంది, అతను మీటలు నొక్కాలి.

మొదటి రోజు పనినుంచి వచ్చి, జుట్టు నిండా తవుడుతో గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆమె తువ్వాలు అందించింది.

"నీ బాధేంటో ఇప్పుడు తెలిసొచ్చిందే" అన్నాడు తుడుచుకుంటూ.

"తెలియలేదండీ" అంది ఆమె. "మిమ్మల్ని తీసేసింది మీ ఇంట్లోవాళ్ళు కాదుగా."

అతను తువ్వాలు మొహం మీదనుంచి తియ్యలేదు. ఆమె లోపలికెళ్ళి నీళ్ళు తోడి పెట్టింది.