ఎదురొచ్చే ఉద్యోగం

భువన ఉద్యోగమే మనుషులకి ఎదురు వెళ్ళడం. మాల్దీవుల్లో ఒక దీవంతా తనదే అయిన ఖరీదైన రిసార్టులో ఆమె ఫ్రంటాఫీసు అసిస్టెంట్ మేనేజరు. పడవ జెట్టీకి తగిలేసరికి అతిథి కంట్లో మొదట పడాల్సింది ఆమె మొహం. గుండెమీద చెయ్యి వేసుకుని, పేరు పెట్టి పలకరించి, చల్లటి తువ్వాలు అందించాలి. గదులు, బిల్లులు, గొడవలు అన్నీ ఆ తర్వాతే. పడవ కుదుపులకి డీలాపడి దిగిన కోటీశ్వరులు కూడా ఆమెను చూశాక కాస్త స్థిమితపడేవాళ్ళు.

అదే మనిషి సెలవు మీద తిరువూరు వస్తే, ఇంట్లోంచి ఎవరైనా శుభమా అని బయల్దేరుతుంటే వంటింట్లోకి తప్పుకునేది. నాలుగేళ్ళ కిందట భర్త పోయాడు. తప్పుకోమని ఎవరూ అనలేదు, అనే అవసరం ఆమే రానిచ్చేది కాదు. చదువుకున్న ఇల్లు మరి, ఇలాంటివి నోటితో చెప్పుకోరు.

అయినా ఈసారి ఆమెకి ఇక్కడే ఉండిపోవాలనిపించింది. ఆ నీలం నీళ్ళు చూసి చూసి మొహం మొత్తింది. అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తియ్యడం, నాన్న చంద్రశేఖరం పురుగుమందుల కొట్టు వాసనతో సహా ఇంటికి రావడం, ఇవే కావాలనిపించాయి.

"ఎందుకే ఆ నీళ్ళ మధ్య ఒంటరి బతుకు? నాన్నకి తోడుగా కొట్లో కూర్చోరాదూ," అంది అమ్మ పద్మజ.

కాంట్రాక్టు పొడిగింపుకి ఒప్పుకుంటుందో లేదో ఆ సాయంత్రానికల్లా రిసార్టుకి చెప్పాలి. రానని ఫోన్లో మెయిల్ రాసి పెట్టుకుంది. ఇక పంపడమే తరువాయి.

అదే రోజు ఉదయం తమ్ముడు సతీష్‌కుమార్‌కి సత్తుపల్లిలో పెళ్ళిచూపులు. భువన పెరట్లో బట్టలు ఆరేస్తోంది. గేటు ముందు కారు వచ్చి ఆగిన చప్పుడైంది. బండి ఆగితే పరుగెత్తడం అలవాటైపోయిన కాళ్ళు! ఇంటి పక్క సందులోంచి గేటు దగ్గరికి వచ్చేసింది. గుండెమీద చెయ్యి, మొహాన నవ్వు.

కొత్త చొక్కాలో మెట్లు దిగుతున్న సతీష్ ఆగిపోయాడు.

ఎవరైనా కసిరినా బాగుండేది. "మంచినీళ్ళు తాగడం మర్చిపోయా," అని అతను బూట్లు విప్పి లోపలికి వెళ్ళాడు. నాన్న కూడా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ ఎవరి మొహమూ చూడకుండా గ్లాసులు అందించింది. కాసేపాగి మళ్ళీ బయల్దేరారు. ఆ నీళ్ళు దాహానికి కాదని అందరికీ తెలుసు. అపశకునమైతే అలాగే వెనక్కొచ్చి, కూర్చుని, నీళ్ళు తాగి వెళతారు. ఈసారి భువన వంటింట్లో ఉంది. ఆమెకి కోపం రాలేదు, సిగ్గేసింది. సిగ్గుపడాల్సింది తను కాదని తట్టేసరికి కారు వెళ్ళిపోయింది.

రాసిన మెయిల్ చెరిపేసి, వస్తున్నానని రాసి పంపింది.

ప్రయాణం రోజున గన్నవరంలో విమానం ఎక్కించడానికి సతీష్ కారు తీశాడు. భువన గేటు దాటేసరికి పద్మజ నీళ్ళచెంబు పట్టుకుని వీధిలోంచి ఎదురొచ్చింది. అంతకన్నా మంచి శకునం ఉండదు.

భువన ఆగింది. చెప్పులు విప్పి, వెనక్కి వెళ్ళి హాల్లో కూర్చుంది.

పద్మజ బెదిరిపోయి వెంట వచ్చింది. "అదేంటే? ఎదురొచ్చింది నేనేగా?"

"నువ్వేనమ్మా. కాసిని మంచినీళ్ళివ్వు."

పద్మజ చేతిలోని చెంబు వంచి గ్లాసులో పోసింది. బయట సతీష్ హారన్ కొట్టాడు. భువన గుక్క గుక్కకీ ఆగుతూ తాగింది. వెళ్ళొద్దని, నా ఎదుటే ఉండమని అమ్మ ఒక్క మాటంటే చాలు, ఉండిపోయేది.

పద్మజ ఆ మాట అనలేదు. పక్కనే కూర్చుని, గ్లాసు ఖాళీ అవకముందే మళ్ళీ నింపింది.