తూర్పు గేటు మళ్ళీ తూర్పుకే

నేను ఒక ఇనుప గేటుని. రాజమండ్రి శివార్లలో, ఇక ఊరు అయిపోయిందనుకున్నాక మొదలయ్యే కాలనీలో, వీర్రాజు గారింటి తూర్పు గేటుని. వెల్డింగ్ షాపు తాతబ్బాయి నా రెండు తలుపుల మీదా హంసలు పెట్టానన్నాడు. కాలనీ అంతా బాతులంటారు. పోనీలెండి, కాకులనలేదు!

పదేళ్ళు రాజభోగం అనుభవించాను. వీర్రాజు గారు మిల్లుకి బయల్దేరగానే ఆయన భార్య నాగరత్నం వచ్చి నా మీద మోచేతులు ఆనించేది. ఎదురింటి రవణమ్మ గారు అవతలినుంచి ఆనించేవారు. పులుసు గిన్నె అటు వెళ్తే పచ్చడి గిన్నె ఇటు వచ్చేది. ఏ గిన్నే ఖాళీగా తిరిగెళ్ళడం నేను చూడలేదు.

ఇంతలో వీర్రాజు గారికి సూపర్‌వైజరు ప్రమోషన్ మూడోసారి తప్పిపోయింది. వాస్తు చూసే ఆయనొకడు ఇల్లంతా తిరిగి, సరిగ్గా నా ముందు ఆగాడు.

"ఇదిగోనండీ, మీ పనికి అడ్డం పడుతున్నది! ఉత్తరపు వైపుకి మార్చెయ్యండి."

మిల్లు మొహం కూడా చూడని నేను ఆయన ప్రమోషన్ ఎలా ఆపానో ఆ దేవుడికే తెలియాలి. ఉత్తరాన ఉన్నది పక్క సందు. అక్కడ తుమ్మ కంపలూ మురిక్కాలవా తప్ప ఏమీ లేవు.

"మరి రవణమ్మ గారింటికి నేనెలా వెళ్ళనండీ?" అంది నాగరత్నం.

"చుట్టూ తిరిగెళ్ళవే. నడక ఒంటికి మంచిదంట."

చుట్టూ అంటే మూడు సందులు, రెండు కుక్కలు. గురువారం నన్ను పీకి ఉత్తరానికి మార్చారు. పాత చోట గోడ కట్టేశారు. నాగరత్నం ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. నాకూ ఏడుపొక్కటే తక్కువ. ఇక నా మీద ఆనేది ఒక గేదె. వీపు గోక్కుని పోయేది, ఒక్క కబురు చెబితే ఒట్టు.

నెలన్నర గడిచాక పోస్ట్‌మేన్ అలవాటు కొద్దీ తూర్పు వీధిలోకే వచ్చాడు. గేటుండాల్సిన చోట గోడ!

"ఇదేంటండీ, ఇంటికి దారేదీ?" అంటూ సైకిలు తిప్పబోయాడు.

రవణమ్మ గారు పరుగున వచ్చారు. "ఆగు నాయనా! రిజిస్టరు కవరా? ఏమే నాగరత్నం, స్టూలెక్కు!"

నాగరత్నం స్టూలెక్కి గోడ మీదే సంతకం చేసి కవరు అందుకుంది. అది ప్రమోషన్ ఆర్డరే.

సాయంత్రం వీర్రాజు గారు దాన్ని మూడుసార్లు చదివి, వచ్చి నన్ను నిమిరారు. "చూశావా? కొత్త గేటు మహిమ!"

"అవునండీ. కవరు ఈ గేట్లోంచే వచ్చిందా?" అంది నాగరత్నం.

"గేట్లోంచి కాదు... గోడ మీంచి కదా."

"ఏ గోడండీ?"

ఆయన మెల్లిగా అన్నారు. "తూర్పు గోడ."

"ఇటునుంచి గేదె తప్ప ఇంకేమైనా వచ్చిందా? అదృష్టం వచ్చే వైపు గోడ కట్టుకున్నాం. రవణమ్మ గారు చూడబట్టి సరిపోయింది. ఇంకా ఏమేం వెనక్కి పోయాయో!"

వీర్రాజు గారు వెంటనే చెప్పులేసుకున్నారు. మర్నాడు పొద్దున్నే తాపీ మేస్త్రీ దిగాడు.

ఇప్పుడు నా చోట నేనున్నాను. ఇన్ని మార్పులకి ఒక తలుపు వాలిపోయి, అటువైపు బాతు నేల చూపులు చూస్తోంది. అయితేనేం, పొద్దున్నే రెండు వైపులా మోచేతులు ఆనుతున్నాయి. మొన్న ఆ వాస్తు ఆయన వీధి చివర కనబడ్డాడు. రవణమ్మ గారు కళ్ళతో సైగ చేశారు. నాగరత్నం పులుసు గిన్నెతో ఎదురింట్లోకి నడిచింది, వెళ్తూ వెళ్తూ నాకు తాళం వేసింది.