పసుపు ఉడకబెట్టే వారం

నీలవ్వ రొమ్ములో గడ్డ మొదట్లో జామకాయంత ఉండేది. అంత పెద్దగా ఉండగా కోయలేమని, ముందు మందు ఎక్కించి కరిగిస్తామని హైదరాబాదు దవాఖానలో చెప్పారు. వానలు వెనకపట్టినప్పటి నుంచి చలి ముదిరేదాకా ఆమె, భర్త దేవన్న వేల్పూర్ నుంచి ఆర్మూరుకు, అక్కడి నుంచి పట్నానికి బస్సుల్లో తిరిగారు. జుట్టంతా ఊడింది. ఆఖరి మందు ఎక్కేసరికి గడ్డ చేతికి తగలకుండా పోయింది.

"గిప్పుడే కోసెయ్యి డాక్టరమ్మా. పసుపు తవ్వేటాలకు ఇంట్ల పడ్త," అంది నీలవ్వ.

"ఇప్పుడు నీ ఒంట్లో రక్తం బాగా తగ్గింది. కోస్తే పుండు మానదు, చీము పడుతుంది. నెల రోజులు బాగా తిని రా," అంది సర్జనమ్మ. లేవబోతున్న దేవన్నను ఆపి మళ్లీ చెప్పింది. "అట్లని నెలలు దాటించొద్దు. మందు ఆపాక గడ్డ మళ్లీ పెరగొచ్చు."

ఇంటికొచ్చాక నీలవ్వకు ఆకలి పుట్టింది. కనుబొమలు మొలిచాయి. రక్తం కూడా సరిపోయిందన్నారు. కానీ ఆపరేషన్ సరిగ్గా పసుపు ఉడకబెట్టే వారంలో పడింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి పసుపు ఉడికే కడాయి దగ్గర నిలబడేది ఆమే.

"గడ్డనే లేదాయె, ఇంకేం కోస్తరు? మార్కెట్ల పసుపు అమ్మినంక పోదాం తియ్," అన్నాడు దేవన్న.

ఆ మాట నీలవ్వకు హాయిగానే అనిపించింది. కోత అంటే అతనికెంత భయమో ఆమెకు తెలుసు. తన భయమే పైకి చెప్పలేదు.

బోరు నీళ్ల వంతు దగ్గర మాటా మాటా పెరిగి, తోడికోడలు గంగమణి రెండేళ్లుగా ఆ గడప తొక్కలేదు. అలాంటిది మర్నాడు పొద్దున తనంతట తానే వచ్చి నిలబడింది.

"అక్కా, దవాఖానకు పోతలేవంట?"

"పసుపు ఎవరు సూస్తరే?"

"నేన్జూస్త."

"నీకేం ఎర్క? జర ఎక్కువ ఉడికితే రంగు పోతది."

"పోతే పోనీ. నువ్వుంటే మల్లేడు మంచిగ ఉడకబెడ్తవ్."

నీలవ్వ భర్త వైపు తిరిగి, "నాగ్గూడ భయమే అయితుంది. అయినా పోదాం," అంది. నురుగు ఎట్లా పొంగాలో, పుల్ల గుచ్చితే ఎట్లా దిగాలో ఆ సాయంత్రమంతా గంగమణికి చెప్పింది.

ఆపరేషన్ అయ్యాక సర్జనమ్మ దేవన్నను పిలిచింది. "చేతికి తగల్లేదు గాని, లోపల ఇంకా మిగిలే ఉంది. వేళకు తెచ్చావు." దేవన్న వరండాలోకి వచ్చి, గోడకానుకొని చాలాసేపు ఏడ్చాడు.

పుండు చక్కగా మానింది. కరెంటు అనే రేడియేషన్ పెట్టించుకోవడం కూడా అయిపోయాక, ఎండలు మండే రోజుల్లో నీలవ్వ మార్కెట్‌కు వెళ్తానని పట్టుబట్టింది. గంగమణి వెంట వచ్చింది. అక్కడ పోసిన పసుపులో ఒక కుప్ప ఎక్కువ ఉడికి నల్లబడింది. గంగమణి తల దించుకుంటే, నీలవ్వ ఆమె వీపు మీద చిన్నగా చరిచింది.

బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే గాలికి నీలవ్వ కొంగు జారింది. రొమ్ము తీసేసి ఖాళీ అయిన పక్కకు చేయి అడ్డం పెట్టుకొని ఆమె చుట్టూ చూసింది.

"ఎవరు సూస్తున్రు అక్కా? చాయ్ సల్లారుతుంది, తాగు," అంది గంగమణి.

నీలవ్వ చేయి తీసి కప్పు అందుకుంది.