దిగువ చేని చిక్కుళ్లు

ఆ ఏడాది మెరెటె తన పందులకు సోయా పిండి మానేసింది. ఎక్కడో అడవులు నరికిన నేలలో పండి, సముద్రాలు దాటి వచ్చే మేత నా కొట్టంలోకి ఎందుకని ఆమె పంతం. డెన్మార్క్‌లోని యూట్లాండ్ పడమటి గాలికి తట్టుకుని నిలిచే మేతరకం గుర్రపు చిక్కుళ్లు తనే వేసింది. ఎగువ చేను సరిపోదనిపించి, దిగువన ఎప్పుడూ గడ్డికే వదిలేసే నేల చెక్కను కూడా దున్నించింది. మొగుడు ఏవాల్డ్ బతికుండగా అక్కడ నాగలి పెట్టనిచ్చేవాడు కాదు. నీరు నిలుస్తుందనేవాడు. నీరేమీ నిలవలేదు సరికదా, ఎగువకన్నా దిగువే విరగకాసింది.

ముందు ఎగువ చేని గింజలు పట్టించి బార్లీలో కలిపి పెట్టింది. తొంభై తల్లిపందులూ తొట్లు నాకి మెరిపించాయి. అక్టోబరులో దిగువ గింజల వంతు వచ్చింది.

మేత గొట్టాలు గలగలమంటే చాలు, పందుల అరుపులు రోడ్డు దాకా వినిపిస్తాయి. ఆ ఉదయం ఒక్కటీ అరవలేదు. మెరెటె వెళ్లి చూస్తే మేత నిండిన తొట్ల ముందు అన్నీ నిలబడే ఉన్నాయి. తలలన్నీ పడమటి గోడవైపు తిరిగి ఉన్నాయి. ఆ గోడకు కిటికీ లేదు. దాని అవతల దిగువ చేను.

బూజు పట్టిందేమో అనుకుని పిండి నోట్లో వేసుకుంది. మామూలు చిక్కుడు రుచే. మేత సలహాలిచ్చే డోర్తెకు ఫోన్ చేసింది.

"చేదు ఎక్కువైందేమో, వాటా సగానికి తగ్గించి చూడు," అంది డోర్తె.

సగం చేసింది. చివరికి బకెట్‌కు గుప్పెడు కలిపినా ముట్టలేదు, ఎగువవి పోస్తే మాత్రం తిన్నాయి. పరీక్షకు పంపితే బూజు లేదని, చేదు కూడా ఎగువ గింజలంతేనని జవాబొచ్చింది. ఒకరోజు ఎగువ గింజలే అనుకుని ఒక బస్తా విప్పి పోసింది. కొట్టం మూగబోయింది. వెళ్లి బస్తా మీది చీటీ చూస్తే, దిగువ చేనిదే.

ఆ తర్వాత నాలుగో రోజు ఈనడానికి సిద్ధంగా ఉన్న ఒక పంది తన గడ్డినంతా నోటితో మోసుకెళ్లి పడమటి గోడకు ఆనించి పోగేసింది. గోడవైపు పొదుగు పెట్టి పడుకుని, సన్నగా, లయగా గుర్‌గుర్‌మనసాగింది. ముప్ఫై ఏళ్లుగా పందుల మధ్య ఉన్న మనిషికి ఆ చప్పుడు తెలియనిదా? పాలకు పిల్లల్ని పిలిచే చప్పుడు అది. దానికి ఇంకా పిల్లలే పుట్టలేదు. కాసేపటికి పక్కది అందుకుంది, దాని పక్కది అందుకుంది. కొట్టం మొత్తం గోడ అవతలున్న ఎవరినో పాలకు పిలుస్తోంది.

మెరెటె తిన్నగా పొరుగింటి లౌరిడ్స్ దగ్గరికి వెళ్లింది. ఆ నేలలన్నీ ఎరిగిన, ఎనభై దగ్గరపడిన మనిషి. నాలిక మాత్రం ఇంకా ముసలిది కాలేదు.

"పందులకు చిక్కుడు పెడుతున్నావట. రేపు కాఫీ, కేకు కూడా పెడతావా ఏం?"

"తినడం లేదు లౌరిడ్స్. దిగువ చేనివి మాత్రం ముట్టడం లేదు."

ఆయన చేతిలోని కప్పు కింద పెట్టాడు. "ఆ చెక్క దున్నావా?"

"దున్నకూడదా?"

"ఏవాల్డ్ నీకు చెప్పలేదన్నమాట."

ఆయనే చెప్పుకొచ్చాడు. పందొమ్మిది వందల నలభై అయిదు, చలి ఇంకా విడవని మార్చి నెల. జర్మన్ కాందిశీకులు ఓడల నిండా వచ్చి దిగుతున్న రోజులు. ఒకామె చంటిబిడ్డతో దారితప్పి ఇటు వచ్చి, మెరెటె మామగారు థోర్వాల్డ్ తలుపు తట్టింది. అయిదేళ్ల జర్మన్ ఆక్రమణ మీది కోపం ఊళ్లో మండుతోంది. ఎవరూ తలుపు తియ్యలేదు. తెల్లారేసరికి దిగువ చెక్కలో మంచు కింద ఉన్నారు ఇద్దరూ.

"మీ మామ అక్కడే పూడ్చి నోరుమూసుకున్నాడు. నాకప్పుడు ఏడేళ్లు. మా నాన్న వెంట వెళ్లి చూశాను. బిడ్డ నోరు ఇంకా రొమ్ముకే ఉంది."

మెరెటె ఇంటికొచ్చి పోలీసులకు ఫోన్ చేసింది. వాళ్లు రెండు రోజులు జాగ్రత్తగా తవ్వారు. నాగలి దిగిన లోతుకు జానెడు కింద పెద్ద ఎముకలు, వాటి మధ్య చిన్న ఎముకలు దొరికాయి. మిగిలిన చిక్కుళ్లన్నీ ఆమె ఆ గోతిలోనే పోయించి, పైన గడ్డి విత్తనం చల్లింది. పందులకు వాటిని మళ్లీ పెట్టి చూసే ధైర్యం చేయలేదు.

చర్చి పక్క ఇద్దరినీ ఒకే పెట్టెలో పాతారు. పేర్లు తెలియవు గనక రాతి మీద ఏడాది మాత్రం చెక్కారు. ఎనిమిదిమంది వచ్చారు. అందరూ వెళ్లిపోయాక కూడా లౌరిడ్స్ కదలలేదు. మెరెటె వెళ్లి చెయ్యి పట్టుకుంది.

"పదండి, చలిగా ఉంది."

"ముందు మా తలుపే తట్టింది మెరెటె," అన్నాడాయన, రాతివైపే చూస్తూ. "అమ్మ గడియ పట్టుకుని నిలబడింది. నేను అమ్మ గౌను పట్టుకుని నిలబడ్డాను. బిడ్డ ఏడుపు ఆగిపోయేదాకా."