కారు మీద పడవ, పక్క సీట్లో బావ

మా బావ దర్జీ. ముప్పై ఏళ్ళుగా ఒకే వీధిలో, ఒకే గదిలో, ఒకే కుట్టుమిషన్ ముందు కూర్చుని ఊళ్ళో సగం మందికి చొక్కాలూ కోట్లూ కుట్టినవాడు. ఎవరు కొత్త చొక్కా వేసుకుని ఎదురైనా ఆపి, భుజం దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని, "అరంగుళం ఎక్కువుంది" అంటాడు. అది తను కుట్టిన చొక్కా అయినా సరే. అందుకని మా ఇంట్లో పిల్లలతో సహా అందరికీ ఆయన అరంగుళం. నాకు అరంగుళం బావ. ఆయనకేం కోపం రాదు. పేరులో కొలత ఉందని సంతోషం కూడాను.

నేను డ్రైవింగ్ స్కూలు నడుపుతాను. స్కూలంటే ఏదో అనుకునేరు, ఒక కారు, నేను, అంతే. నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ దగ్గర కూర్చుంటే నేను పక్క సీట్లో కూర్చుంటాను. నా కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. పన్నెండేళ్ళుగా నన్ను బతికిస్తున్నది ఆ రెండో బ్రేకే. ఆ ఆదివారం పొద్దున, కారు కొన్నాక మొదటిసారి, అది వేరొకరి కాళ్ళ కిందికి వెళ్ళింది. ఆ వేరొకరు మా బావ.

దీనికంతటికీ కారణం మా అక్క, అంటే ఆయన భార్య. స్కూల్లో లైబ్రరీ చూసుకుంటుంది. యాభై ఏళ్ళకి ఇంకా రెండు తక్కువ. మూడేళ్ళ క్రితం ఒక స్నేహితురాలు సరదాకి కయాక్ ఎక్కిస్తే, ఇక దిగనని కూర్చుంది. ఒక్క మనిషి కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే సన్నటి పడవ అది. మాకు రెండు గంటల దూరంలో పెద్ద జలాశయం ఉంది. ఏటా ఒక రోజు, కయాక్‌లున్నవాళ్ళంతా చేరి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పన్నెండు కిలోమీటర్లు దాటుతారు. పోయినేడు అక్క కూడా వెళ్ళింది. కాస్త దూరం వెళ్ళగానే గాలికి పడవ బోర్లా పడింది. కాపలా బోటు వాళ్ళు తీసుకొచ్చి ఒడ్డున దించారు. గట్టు మీద నిలబడి బావ అదంతా చూశాడు. మర్నాడే అక్క, "వచ్చే ఏడు చూసుకుంటా" అంది. బావ మాత్రం వారం రోజులపాటు కత్తిరించిన ప్రతి గుడ్డా పాడుచేశాడు.

ఈ ఏడాదంతా అక్క ఆదివారాలు వదల్లేదు. అరచేతులు కాయలు కాచిపోయాయి. దాటే రోజు దగ్గరపడ్డాక నాకు ఫోన్ చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఏడున్నరకల్లా పడవ నీళ్ళలో ఉండాలి. లేకపోతే పేరు కొట్టేస్తారు. ఈసారి మునిగినా ఫర్వాలేదు గానీ, ఆలస్యమై ఒడ్డున మిగిలిపోతే మాత్రం నేను తట్టుకోలేనురా."

"నీ పడవ, నా కారు, నా డ్రైవింగు. భయమెందుకు?" అన్నాను. బావ సంగతి ఆ క్షణాన తట్టలేదు.

శనివారం సాయంత్రం కారు తీసుకెళ్ళి వాళ్ళ ఇంటి ముందు పెట్టాను. పైనున్న 'నేర్చుకుంటున్నారు, దూరంగా ఉండండి' బోర్డు తీసేసి రూఫ్ ర్యాక్ బిగించాను. ర్యాక్ అమ్మినాయన నాకు అన్నీ విడమరిచి చెప్పాడు. పడవ నడుమ మీదుగా రెండు పట్టీలు వేసి ర్యాక్‌కి బిగించాలి. ముక్కు నుంచి ఒక తాడు ముందు బంపరు కింది కొక్కేనికి, తోక నుంచి ఒక తాడు వెనక కొక్కేనికి కట్టాలి. పడవని పట్టుకుని ఊపితే కారు కదలాలి గానీ పడవ కదలకూడదు. అలాగని డొక్క నొక్కుకుపోయేంత బిగించకూడదు. చివరగా పట్టీని ఒక్క మెలిక తిప్పాలి, లేకపోతే గాలికి కూత పెడుతుంది.

బావ అన్నిటికీ తలూపాడు. మెలిక దగ్గర మాత్రం మొండికేశాడు.

"పట్టీకి మెలికా? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"కారు మీద పట్టీని ఎవరు చూస్తారు బావా?"

"నేను చూస్తాను" అన్నాడు.

అన్నట్టే రెండు పట్టీలనూ లోపలికి తీసుకెళ్ళి, తడిగుడ్డ వేసి, ఇస్త్రీ చేసి తెచ్చాడు. పడవ కింద పెట్టే స్పాంజి దిండ్లకి కోటు లైనింగ్ గుడ్డతో గలీబులు కుట్టాడు. ముందూ వెనకా తాళ్ళు నేను కట్టాను. మధ్య పట్టీలు ఆయన వేశాడు. ముడత లేదు, వంకర లేదు. ఇంతకంటే చక్కగా ముస్తాబైన పడవ ఆ వీధిలో మునుపెన్నడూ లేదు, నిజానికి ఆ వీధిలో మునుపెన్నడూ పడవే లేదు. అక్క భోజనానికి పిలిస్తే, "మీరు కూర్చోండి, పది నిమిషాల్లో వస్తా" అన్నాడు. గంటకి వచ్చాడు. ఏం చేశావని మేమూ అడగలేదు.

పొద్దున అయిదింటికి బయల్దేరాం. అక్క తన లైఫ్ జాకెట్టూ తెడ్డూ పట్టుకుని వెనక కూర్చుంది. బావ పక్క సీట్లో. ఊళ్ళో నలభై మీద వెళ్ళినంతసేపూ అంతా హాయిగా ఉంది. పెద్ద రోడ్డెక్కి అరవై దాటించానో లేదో, పైనుంచి "ఘూఁ..." అని చెవులు చిల్లులు పడేలా కూత మొదలైంది.

మరుక్షణం కారు కీచుమని ఆగింది. నేను ఆపలేదు. వెనక లారీవాడు హారన్ మోగించి, పక్కనుంచి వెళ్తూ మా వంశాన్ని మొత్తం తలుచుకున్నాడు.

"బావా! అది నొక్కకు!"

"పట్టీ తెగిపోతోంది!"

"తెగట్లేదు, మోగుతోంది. ఆ బ్రేకు మాస్టారుది. నువ్వు మాస్టారువి కాదు!"

ఆయన అప్పటికే దిగిపోయాడు. పడవ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. వేలితో మీటాడు, తట్టాడు, చెవి పెట్టి విన్నాడు. "బాగానే ఉంది" అంటూ ఎక్కాడు. పది కిలోమీటర్లు వెళ్ళామో లేదో మళ్ళీ కూత, మళ్ళీ కాలు, మళ్ళీ ప్రదక్షిణ. నా దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళలో గేరు అనుకుని నా మోకాలు పట్టుకున్న పెద్దాయన ఉన్నాడు, మలుపు రాగానే కళ్ళు మూసుకునే పంతులమ్మ ఉంది. వాళ్ళెవరూ నన్ను ఇంత ఏడిపించలేదు. మూడోసారి ఆగేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

"ఏమండీ, ఆ మెలికేదో తిప్పేస్తే పోలా?" అంది అక్క వెనకనుంచి.

"తిప్పేస్తే పోయేదేగా!" అని నేనే దిగాను. పట్టీ కాస్త వదులుచేసి మెలిక తిప్పుదామని బకిల్ మీద చెయ్యి వేశాను. అది కదల్లేదు. వంగి చూశాను. బకిల్ లోంచి వచ్చిన పట్టీ కొసని పట్టీకే ఆనించి, పైనుంచి కిందిదాకా, నాలుగు వరసల్లో చేతికుట్టు కుట్టేసి ఉంది. కుట్టుకీ కుట్టుకీ మధ్య దూరం అచ్చు గుద్దినట్టు ఒక్కలాగే ఉంది. రెండో పట్టీ చూశాను. అదీ అంతే.

"బావా, ఇదేంటి?"

బావ కుట్టు మీద వేలు పెట్టాడు. "బకిల్ ఎవడో ఎక్కడో చేసిన ఇనప ముక్క. దాన్నెలా నమ్మమంటావు? కుట్టంటే నేను వేసింది."

"ఏ దారం?"

"సంచులు కుట్టేది. మైనం పట్టించా. రెండు పేటలు."

"విప్పడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఒక్కోదానికి ఒక పది నిమిషాలు" అన్నాడు. చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

అక్క టైము చూసుకుంది. అప్పటికే పది పన్నెండు నిమిషాలు పోయాయి. "ఇక్కడ విప్పి మళ్ళీ కట్టే టైము లేదు. మోగనీ. అక్కడే విప్పుదాం. పోనీరా" అంది. ఆమె మొహం చూస్తే నాకు భయం వేసింది. కోప్పడి ఉంటే బాగుండేది.

బావని కాళ్ళు పైకి పెట్టుకుని, సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చోమన్నాను. కూర్చున్నాడు. పైనేమో కూత, పక్కన పెళ్ళిపీటల మీద వరుడిలా బావ. ఆ కూతకి చెవులతోపాటు నా ఓపిక కూడా పోయింది. నోటికొచ్చింది అనేశాను.

"నిజం చెప్పు బావా. అక్క దాటకూడదని కావాలనే కుట్టావు కదూ?"

"ఊరుకోరా" అంది అక్క.

బావ రోడ్డు వైపు చూస్తూ, కూతని మించి వినబడాలని కాబోలు, గట్టిగా అన్నాడు. "నాకు ఈత రాదు. తెడ్డు ఎటు పట్టుకోవాలో తెలీదు. పోయినేడు ఈవిడ నీళ్ళలో కొట్టుకుంటుంటే గట్టు మీద నిలబడ్డాను. అంతకంటే చేయగలిగింది ఏముంది నాకు? నీళ్ళలో నేనేం చెయ్యలేను. ఈ కారు మీద ఉన్నంతసేపైనా పడవ పడకుండా చూడ్డం నా చేతిలో పని. అందుకని చేశా."

అలా అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అద్దంలో చూస్తే అక్క కిటికీ వైపు మొహం తిప్పుకుని ఉంది.

జలాశయం చేరేసరికి ఏడూ పన్నెండు. గట్టు కింద అప్పటికే పాతిక ముప్పై పడవలు నీళ్ళలో ఉన్నాయి. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన చేతిలో జాబితాతో వరసగా నంబర్లు చూసుకుంటున్నాడు. అక్క పరుగెత్తి పేరు చెప్పి, నంబరు బిళ్ళ తెచ్చుకుంది. నేను కట్టిన తాళ్ళు నిమిషంలో విప్పేశాను. ఆ ముక్క పైకి అనకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

బావ జేబులోంచి కుట్లు విప్పే చిన్న కొక్కెం తీశాడు. కారు తలుపు అంచు మీద నిలబడి ఒక్కో కుట్టూ లేపి తెంచడం మొదలుపెట్టాడు. వేళ్ళు వేగంగానే ఆడుతున్నాయి. కానీ ఆ కుట్టు వేసిందీ ఆ వేళ్ళే, ఎవరికీ లొంగేది కాదు. మొదటి పట్టీ ఊడేసరికి ఏడూ ఇరవై మూడు. ఆయన చొక్కా వీపు తడిసిపోయింది. రెండోదాంట్లో ఒక వరస పూర్తయింది. కిందినుంచి టోపీ ఆయన కేకేశాడు.

"ఇరవై ఏడో నంబరు! మూడు నిమిషాలే ఉన్నాయి!"

ఆ నంబరు అక్కది. అక్క జాకెట్టు బిగించుకుని, తెడ్డు నిలబెట్టుకుని, కారు పక్కన ఊరికే నిలబడింది.

బావ ఒకసారి ఆమె వైపు చూశాడు. కిందికి దూకి తన సంచిలోంచి షాపు కత్తెర తీశాడు. ఆ కత్తెర ఊరెళ్ళినా ఆయన వెంటే ఉంటుంది. దాంతో గుడ్డ తప్ప ఇంకేదీ కోయకూడదు. చిన్నప్పుడు నేను గాలిపటం కాగితం కోశానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. దాన్ని ఇస్త్రీ పట్టీ మీద పెట్టి, రెండు చేతులతో బలమంతా ఉపయోగించి నొక్కాడు. దళసరి నైలాను అది. కత్తెర ఇరుసు దగ్గర కటుక్కుమంది, పట్టీ రెండు ముక్కలై అటూ ఇటూ వేలాడింది.

"అయ్యో, కోసేశారా! మళ్ళీ ఇంటికెలా తీసుకెళ్తాం దీన్ని?" అంది అక్క.

"ముందు నువ్వు తిరిగి రా" అన్నాడు బావ. "పడవని నెత్తిన పెట్టుకునైనా తీసుకొస్తా."

అక్క నవ్వబోయింది, కుదరలేదు. మాట్లాడ్డానికి టైము కూడా లేదు. నేను ముక్కూ బావ తోకా పట్టుకుని, గట్టు మీదినుంచి దాదాపు దొర్లుకుంటూ దిగాం. పడవ నీళ్ళని తాకింది. అక్క ఎక్కి కూర్చుని కాళ్ళు సర్దుకుంది. నేను ఒడ్డునే ఆగిపోయాను. బావ ఆగలేదు. బూట్లతో, ఇస్త్రీ ప్యాంటుతో మోకాళ్ళ లోతు నీళ్ళలోకి నడిచాడు. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆయన చెరువు నీళ్ళలో కాలు పెట్టడం ఎవరమూ చూడలేదు. అక్కడ నిలబడి, పడవ తోకని రెండు చేతులతో పట్టుకున్నాడు.

టోపీ ఆయన జాబితాలో ఇరవై ఏడుకి టిక్కు పెట్టాడు. ఈల వేశాడు. పడవలన్నీ ఒక్కసారిగా కదిలాయి. అక్క తెడ్డు వేసింది. పడవ ముందుకెళ్ళలేదు.

"ఇక వదలండి సార్" అన్నాడు టోపీ ఆయన మెల్లిగా.

బావ వదిలాడు.